మూడు సూత్ మర

తప్పు జరిగిందని జ్ఞానరాజుకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. చెల్లెలు జీవమ్మ ఫోను చేసింది గానీ ఆమె చెప్పింది పత్తి సంగతి. పత్తి తీయడానికి కూలికి పోతున్నానని, కాయలు బాగా పగిలినాయని, పొద్దుగూకులూ గిల్లి గిల్లి వేళ్ళ కొనలు చీరుకుపోయినాయని చెప్పింది.

"పత్తికి నువ్వు పోయేదేమ్మే? పుట్టి ఎవరు ఎక్కుతాండారు?" అన్నాడు జ్ఞానరాజు. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో లేతు మీద తిరుగుతున్న ఇనుప కడ్డీకి నూనె వదులుతున్నాడు.

"జీవిత ఎక్కుతాంది." జీవిత అంటే జీవమ్మ ఆడబిడ్డ; పుట్టి అంటే చేపలకు పోయే గుండ్రటి బుట్టపడవ. "చేతివల నా చేతిలో నిలబళ్ళేదన్నా. అందుకని."

"నిలబళ్ళేదంటే?"

"పెద్ద బొచ్చెచేప పడిండె. పుట్టి అంచుకు వచ్చినంక కింద చేతివల పెట్టి ఎత్తబోయినా. రింగు ఊడి చేపతో కూడా నీళ్ళలోకి పాయ. పిడి ఒకటే నా చేతిలో మిగిలె. ఆ ఊపుకు నేనూ పడితి. మీ బావ జుట్టు పట్టి లాగినాడు గాబట్టి సరిపాయ." జీవమ్మ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నేనే సరింగ బిగించినట్టు లేను. అదే అంటాండారు అందరూ."

జ్ఞానరాజు లేతు ఆపేశాడు. చెల్లెలు ఇంకా ఏదో చెబుతోంది గానీ అతనికి ఒక్క ముక్కా ఎక్కలేదు. కళ్ళ ముందు తెల్ల టేపు చుట్ట ఒకటి కదులుతోంది. నల్లా పనివాళ్ళు పైపులకు చుట్టే టేపు, కొళాయి కారకుండా.

ఆ చేతివల అతను చేసిందే. కల్లూరులో షెడ్డుకు కొత్త లేతు దించిన రోజున అనుకున్నాడు, దీని మీద తిరిగిన మొదటి సరుకు దేవునిదని. అమ్మ బతికున్నప్పుడు కొత్త గేదె ఈనితే మొదటి జున్ను గుడికి పంపేది, వాళ్ళింట్లో అదొక అలవాటు. కొత్తూరు ఏసు గుడిలో కోత పండుగ దగ్గర పడింది. పాత ఊరు శ్రీశైలం నీళ్ళలో మునిగాక గట్టు మీద కట్టుకున్న ఊరు కాబట్టి దాని పేరే కొత్తూరు. అక్కడ సేద్యం తక్కువ, చేపలు ఎక్కువ. గుడికిచ్చిన కానుకలను పండుగనాడే వేలం పాడతారు. మంచి చేతివల ఇస్తే పది మందీ చూస్తారు అనుకున్నాడు. దేవుడు చూస్తాడు అనుకోవాల్సింది, పది మందీ చూస్తారు అనుకున్నాడు. అక్కడే మొదలైందేమో వంకర.

వలతో ఉన్న రింగును కర్నూలులో గాలాలూ దారాలూ అమ్మే అంగట్లో కొన్నాడు. పిడికి నిలువెత్తు అల్యూమినియం గొట్టం తీసుకుని, కొనకు ఇత్తడి బుష్షు, వేలెడు గొట్టం ముక్క, దిగేసి మేకు కొట్టి, లోపల మర కోశాడు. రింగుకున్న మొలను ఆ మరలో తిప్పితే బిగిసిపోవాలి. తిప్పాడు. మొల సులువుగా లోపలికి పోయింది, చివరిదాకా పోయింది. పోయి, లోపల కొంచెం ఆడింది. ఇంత కూడా కాదు, వెంట్రుకవాసి.

అప్పుడు తెలియదా? తెలుసు, సగం. మిగతా సగం తెలుసుకోవాలంటే బుష్షు విప్పి మళ్ళీ చేయాలి. పండుగ మర్నాడే. టేపు రెండు చుట్లు చుట్టి తిప్పాడు. కిర్రుమని బిగిసింది. లాగితే రాలేదు, ఊపితే కదల్లేదు. బిగువుగా ఉన్నదల్లా బలంగా ఉన్నట్టేనని ఎవరికి వారు సర్దుకునే మాటే అతనూ సర్దుకున్నాడు.

ఇప్పుడు సొరుగులో వెతికి, ఆ రోజు దాంతో పాటు కొన్న రెండో రింగు తీశాడు. మొలను మందం కొలిచే వెర్నియర్ నోట్లో పెట్టాడు. తొమ్మిదిన్నర మిల్లీలు. అతను కోసింది పది మిల్లీల మర. రింగుది అంగుళాల లెక్క. అంగుళంలో ఎనిమిదో వంతును లేతు పనివాళ్ళు సూత్ అంటారు. ఇది మూడు సూత్ మర. రెండూ చూపుకు అన్నదమ్ములు, చుట్లు కూడా దాదాపు ఒకటే. అందుకే ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. దూరితే దూరాయి గానీ పట్టుకోవు. చుట్టు అంచున మాత్రం ఆనుకుని ఉంటాయి. బరువు పడి గుంజుకుంటే అంతే సంగతులు.

ప్రసన్నకుమారి టీ తెచ్చేసరికి మొగుడు పీట మీద కూర్చుని రింగును చేతిలో తిప్పుతున్నాడు.

"ఏమైంది? మొగమట్ల పెట్టినావు?"

చెప్పాడు. భార్యకు చెప్పడానికి అతనికెప్పుడూ కష్టం ఉండదు. మిగతా లోకంతోనే.

"జీవమ్మకేం కాలేదు గదా?"

"పడింది. లేపినారు."

"పోయి చెప్పిరా అయితే."

"ఏమని చెప్పేది? దేవునికి కుంటి గొర్రెనిచ్చినానని చెప్పేదా? అయ్యగారు ఆ వల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. బావ నలుగురితో పోటీపడి వేలంలో పాడుకున్నాడు, నా బామ్మర్ది చేసిందని."

"ఈత రాదు జీవితకు," అంది ప్రసన్నకుమారి. ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపి నిలబడింది.

ఆ సాయంత్రం కొత్త బుష్షు తిప్పాడు జ్ఞానరాజు. మూడు సూత్ మర. రింగు మొల పెట్టి తిప్పితే వెన్నలాగా పోయింది, చివరికొచ్చి రాయిలాగా ఆగింది. టేపు అక్కర్లేకుండానే. మొదటే ఈ పని చేసి ఉంటే అనుకుని తన చేతులు తానే చూసుకున్నాడు. కొత్త బుష్షు, చిన్న సుత్తి, మేకు దిగ్గొట్టే ములుకు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఎవరూ చూడకుండా మార్చేస్తే సరి. వల బాగవుతుంది, మాట బయటికి రాదు. దారి పొడుగునా, ఆటోలోనూ బస్సులోనూ, ఇదే లెక్క వేసుకుంటూ పోయాడు. ఎన్నిసార్లు వేసినా లెక్క సరిపోతూనే ఉంది.

కొత్తూరులో బస్సు దిగగానే ఎదురైంది గుడి పాస్టరు అయ్యగారే. తెల్ల చొక్కా, చంకలో గొడుగు.

"రాప్పా జ్ఞానరాజూ! పోయిన ఆదివారం కూడా నీ మాటే చెప్పినా ప్రసంగంలో. ప్రథమ ఫలం అంటే అట్ల ఇయ్యాల అని. ఎంత నున్నంగ చేసినావు దాన్ని!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జ్ఞానరాజు సంచిని వీపు వెనక్కు లాక్కున్నాడు. "ఏదో, దేవుని దయ అయ్యగారూ."

అయ్యగారు గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలికి నువ్వే కొంచెం మంచిమాట చెప్పాల. ప్రార్థన చేసిన వస్తువు చేతిలో నిలబళ్ళేదంటే జనం నాలుగు మాటలు అంటారు. ఆ చేతిలో ఏముందో, మనసులో ఏముందో అని. నేననను. అయినా సంస్కారం రోజు గిన్నెలు కడిగే పని కొన్నాళ్ళు జీవితకు ఒప్పజెప్పినాం. ఆయమ్మ మనసు కుదుటపడనీ."

జ్ఞానరాజు నోరు తెరిచాడు. "మంచిది అయ్యగారూ," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నాలుగడుగులు నడిచాక గాని తెలిసి రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచి, రొట్టే ద్రాక్షరసమూ పంచే ఆ గిన్నెలు కడిగింది జీవమ్మే. బూడిద తగలనివ్వదు, కొత్త గుడ్డతోనే తుడుస్తుంది.

బావ ఏసుప్రసాద్ ఇంటి ముందర కూర్చుని వల చిరుగులు కుడుతున్నాడు. చేతివల గోడకు ఆనించి ఉంది. పాత రింగు నీళ్ళలో పోయింది కాబట్టి అదే అంగట్లో ఇంకోటి కొనుక్కొచ్చి తగిలించుకున్నాడు. మెడ దగ్గర నైలాను దారం చుట్లు చుట్లుగా చుట్టి ఉంది. ఒకడు టేపు చుడితే ఇంకొకడు దారం చుట్టాడు.

"ఇది గట్టిగా ఉండాదా బావా?" అన్నాడు జ్ఞానరాజు, ఊరికే అడిగినట్టు.

"నీ పనికేం బావా, ఉక్కు! బిగించే చెయ్యి సరింగ ఉండాల. మీ చెల్లెలేమో ఒకనాడు మరే సరింగ పట్టలేదేమో అనె. ఆడలేక మద్దెల ఓడన్నట్ల. నేనొప్పుకుంటానా? మా బామ్మర్ది పనికి వంక పెడితే నోరు పడిపోతాది అన్నా." ఏసుప్రసాద్ దారాన్ని పంటితో కొరికి నవ్వాడు. చెడ్డవాడు కాదు. బామ్మర్ది మీద గౌరవం కొద్దీ పెండ్లాం మాట కొట్టిపారేశాడు, అంతే.

ఇప్పుడు చెప్పొచ్చు, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే జ్ఞానరాజు వక్కాకు నమిలాడు. జీవిత వచ్చి అతనికి నీళ్ళిచ్చింది, చేతివలను ముట్టి కళ్ళకద్దుకుని లోపలికి పోయింది. సన్నగా పుల్లలాగా ఉంది ఆ పిల్ల. పెద్ద చేప గుంజితే రింగు ఊడేలోపే పోతుంది నీళ్ళలోకి. తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నాడు జ్ఞానరాజు.

పొద్దు గూట్లో పడ్డాక జీవమ్మ వచ్చింది. జుట్టులో పత్తి పింజలు, కొంగులో అన్నకని కోసుకొచ్చిన పచ్చి అనపకాయలు. అన్నను చూసి మొహం వికసించింది. కాళ్ళు కడుక్కుని లోపలికి పోతూ, గోడకానించిన చేతివల దగ్గర కొంచెం పక్కకు జరిగి, కొంగు దగ్గరికి లాక్కుని దాటిపోయింది. మైల తగులుతుందని జరిగినట్టు. మైల తనకు తగులుతుందని కాదు, తనది దానికి తగులుతుందని. అది చూశాడు జ్ఞానరాజు. అన్నం తింటున్నప్పుడు ఆమె వేళ్ళూ చూశాడు. కొనలు నల్లగా పగిలి ఉన్నాయి. కారం తగిలినప్పుడల్లా చెయ్యి విదిలించి, ఎవరూ చూడలేదు కదా అని చూసుకుంటోంది.

తెల్లవారీ వారకముందే లేచాడు. ఏసుప్రసాద్ రేవుకు పోయి పుట్టి కడుగుతున్నట్టున్నాడు, దగ్గు వినిపిస్తోంది. జ్ఞానరాజు చేతివలను తీసుకుని ఇంటి వెనక్కు పోయాడు. పిడిని బండ మీద పెట్టి, దారం విప్పి, రింగు తిప్పి తీసి, బుష్షును పట్టి ఉంచే మేకు మీద ములుకు ఆనించి సుత్తి ఎత్తాడు.

"ఏం చేస్తాండావన్నా?"

జీవమ్మ. పొయ్యికి కంపపుల్లలు ఏరుకుంటున్నట్టుంది, ఒడి నిండా ఉన్నాయి. ఆమె చూపు పిడి మీది నుంచి బండ మీదికి పోయింది. అక్కడ గుడ్డ విప్పి ఉంది. గుడ్డలో కొత్త బుష్షు తెల్లారని వెలుతురులో కూడా పచ్చగా మెరుస్తోంది. పాత బుష్షు నోట్లో నుంచి తెల్ల టేపు పోగు ఒకటి తోకలాగా వేలాడుతోంది.

జ్ఞానరాజు సుత్తి దించలేదు, కొట్టనూ లేదు.

"మర కుదర్లేదు జీవమ్మా. మొదట్నుంచీ కుదర్లేదు. నేను టేపు చుట్టి ఇచ్చినా. మారుస్తాండా. ఎవరికీ తెలీకుండా అయిపోతాది. జీవితకేం కాదింక."

ఆమె పుల్లలు కింద పెట్టింది. మెల్లగా, ఒక్కటి కూడా జారనీయకుండా పెట్టింది. కొట్టినట్టు అరుస్తుందేమో అనుకున్నాడు. అరిస్తే బాగుండునని అనుకున్నాడు.

"నువ్వు మార్చి పోతే వల బాగైతాది అన్నా," అంది. "నేను?"

రేవులో ఎవరో ఎవరినో కేక వేస్తున్నారు. సుత్తి గుడ్డలో పెట్టి మూట కట్టాడు జ్ఞానరాజు. పాత బుష్షుతోనే, విప్పిన రింగుతోనే, చేతివల భుజాన వేసుకుని రేవు వైపు నడిచాడు. వెనక జీవమ్మ వస్తోందో లేదో తిరిగి చూడలేదు.

పుట్లు కొన్ని బోర్లించి తారు పూసిన వీపులతో ఒడ్డున ఉన్నాయి. కొన్ని నీళ్ళలోకి దిగాయి. ఏసుప్రసాద్, పుట్టిలో ఒక కాలు పెట్టిన జీవిత, పక్క పుట్టి నరసన్న, పొద్దున్నే చేపల కోసం సంచితో వచ్చిన అయ్యగారు, ఇంకా పది మంది.

"బావా, ఆగు. జీవితమ్మా, దిగు తల్లీ," అన్నాడు జ్ఞానరాజు. "ఈ వల మంచిది కాదు. చేసింది నేనే, చెప్తాండేదీ నేనే. రింగు ఊడింది జీవమ్మ చేతి వల్ల కాదు."

ఎవరికీ అర్థం కాలేదు. చెల్లెలి మీద మాట రాకుండా అన్న అడ్డం పడుతున్నాడని అనుకున్నారు. అయ్యగారు జాలిగా నవ్వాడు కూడా.

జ్ఞానరాజు రింగు తిప్పి బిగించాడు. పుట్టి కట్టే లంగరు రాయి తీసి వలలో వేసి పైకెత్తాడు. రాయి లేచింది. రింగు నిలబడింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ నిలబడింది. పాడు టేపు, లోపల మిగిలిన కాస్తా గట్టిగా పట్టుకుని ఉంది. చెమట పట్టింది అతనికి. తప్పు ఒప్పుకుందామని వస్తే తప్పు కూడా సాక్ష్యం చెప్పనంటోంది.

"చూడు, ఎట్లుండాదో!" అన్నాడు ఏసుప్రసాద్ నవ్వుతూ. "నీ పనిని నువ్వే నమ్మవేంది బావా?"

ఇక్కడితో వదిలేయొచ్చు. చెప్పనైతే చెప్పాడు, వాళ్ళే నమ్మలేదు. ఆ ఆలోచన వచ్చిందని తర్వాత ఎన్నాళ్ళో సిగ్గుపడ్డాడు గానీ, రావడం వచ్చింది.

"నీళ్ళలో ముంచి ఎత్తన్నా." గట్టు మీది నుంచి జీవమ్మ గొంతు. "చేప రాయిలాగ ఊరికే ఉండదు. అట్లా ఇట్లా కొట్టుకుంటాది."

జ్ఞానరాజు మోకాలి లోతుకు దిగాడు. రాయితో సహా ముంచి, పిడిని ఎడమకూ కుడికీ విదిలించి, చేప గుంజినట్టు గుంజి లేపాడు. లోపల ఏదో కరకరమంది. పిడి ఒక్కసారిగా తేలికైంది. రింగూ వలా రాయీ గుబుక్కున నీళ్ళలోకి పోయాయి. ఆ ఊపుకు అతనూ వెల్లకిలా పడ్డాడు.

మొదట నవ్వారు. తర్వాత ఆపేశారు. జ్ఞానరాజు నీళ్ళలో కూర్చునే పిడి నోటిని వాళ్ళ వైపు తిప్పి చూపించాడు. పది మిల్లీలు, మూడు సూతులు, టేపు, పండుగ ముందు రోజు తొందర, అన్నీ చెప్పాడు. ఆగకుండా చెప్పాడు.

"లేప్పా, లే," అన్నాడు నరసన్న చెయ్యి అందిస్తూ. "పనోడన్నంక పొరపాటు కాకుండా ఉంటాదా? తెల్సి చేసినావా ఏమన్నా?"

"ఒప్పుకున్నావు చూడు, అదీ గొప్ప," అన్నాడు అయ్యగారు. "ఇంతమంది ముందర ఒప్పుకునే మనసు ఎంతమందికి ఉంటాది? దేవుడు సంతోషిస్తాడు."

ఏసుప్రసాద్ భుజం తట్టాడు. ఎవరో బీడీ ఇవ్వబోయారు. లుంగీ ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది, అప్పుడే అందరూ క్షమించేశారు. జీవమ్మకు గిన్నెలు పోయాయి, పుట్టి పోయింది, ఊళ్ళో ఆమె చెయ్యే మాటైపోయింది. అతనికి మాత్రం బీడీ. అవమానం కోసం దారంతా గుండె చిక్కబట్టుకుని వచ్చిన జ్ఞానరాజుకు ఈ క్షమాపణ అంతకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"నాకు కాదయ్యగారూ," అన్నాడు. "ఆయమ్మకు చెప్పండి."

అందరూ గట్టు మీదికి చూశారు. జీవమ్మ అక్కడే నిలబడి ఉంది. అయ్యగారు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఏసుప్రసాద్ తెడ్డు వైపు చూశాడు.

"ఆదివారం నుంచి గిన్నెలు నువ్వే చూసుకో జీవమ్మా," అన్నాడు అయ్యగారు చివరికి.

జీవమ్మ దిగివచ్చింది. నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికి రింగు పైకి తీసింది, రాయి దులిపింది. అన్న మూటలోంచి కొత్త బుష్షు తీసిస్తే అతని చేతే మేకు కొట్టించింది. రింగు, పిడీ తీసుకుపోయి మొగుడి చేతిలో పెట్టింది.

"నువ్వు బిగించు."

బిగించే పని ఎప్పుడూ ఆమెది. ఏసుప్రసాద్ ఒక్క క్షణం తటపటాయించి, కూర్చుని తిప్పాడు. చివరికొచ్చి ఆగింది. ఇంకా తిప్పబోతే కదల్లేదు.

"ఎక్కు మే, పొద్దెక్కుతాంది," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

జీవమ్మ రెండు చేతులూ చాపింది. మొగుడి ముందరా, అయ్యగారి ముందరా. పత్తికాయలు గీరి పగిలిన వేళ్ళు, కొన్నింటి మీద నెత్తురు గట్టి ఉంది.

"ఇవి మాననీ," అంది. "గిన్నెలకైనా, పుట్టికైనా. ముందు ఈ పత్తి అయిపోనీ, వస్తానని మాటిచ్చినా. అన్న ఉన్నాడు గదా, ఎక్కించుకో."

జీవిత అప్పటికే పుట్టి దిగి దూరంగా నిలబడింది, ఎక్కనంటే ఎక్కనని. రాత్రి వేసి వచ్చిన వల పొద్దున ఎత్తకపోతే చేప ఉండదు. పుట్టికి ఒకడు తెడ్డు వేయాలి, ఇంకొకరు ఎత్తాలి. జ్ఞానరాజుకు ఈత రాదు. ఆ సంగతి అక్కడ జీవమ్మకు ఒక్కదానికే తెలుసు.

తడి లుంగీతోనే ఎక్కాడు. పుట్టి గిర్రున ఒక చుట్టు తిరిగి నీళ్ళ మధ్యకు సాగింది. వల లాగుతుంటే మూడోవంతులో బరువు తగిలింది. "బొచ్చె," అన్నాడు ఏసుప్రసాద్, "పెట్టు బావా, కింద పెట్టు." జ్ఞానరాజు చేతివల దించాడు. నీళ్ళు పగిలాయి, పిడి చేతుల్లో ఎగిరిపడింది. కళ్ళు మూసుకోలేదు గానీ ఊపిరి ఆగిపోయింది. బొటనవేలు ఇత్తడి బుష్షు మీద పెట్టుకుని, మోకాళ్ళు పుట్టి అంచుకు ఒత్తుకుని ఎత్తాడు. చేప వలతో సహా వచ్చి కాళ్ళ దగ్గర పడింది.

ఊపిరి వదిలి జ్ఞానరాజు ఒడ్డు వైపు తిరిగాడు. గట్టు మీద ఎవరూ లేరు. పత్తి కూలోళ్ళ వరస అప్పటికే మలుపు తిరిగిపోయింది.